గదికి రెండు జతల చేతులు

కొత్త టీచరు బోర్డు మీద మొదటి లెక్క సగం రాసిందో లేదో, సైరన్ మోగింది.

సైరన్ మోగితే రొయ్యల లోడు వచ్చినట్టు. ఆ సంగతి ఆవిడకి తెలియదు. మాకు తెలుసు. అందుకే మేం అప్పటికే పుస్తకాలు మూసేశాం. వెనక బెంచీవాళ్ళు లేచి నిలబడ్డారు కూడా. మెడలో ఈల, మోకాళ్ళ దాకా రబ్బరు బూట్లు వేసుకుని సూపర్‌వైజరు వచ్చాడు. అడగడం, ఆగడం ఏమీ లేదు. సరాసరి లోపలికి వచ్చి, సంతలో మేకల్ని ఏరుకున్నట్టు వేలు చూపించడం మొదలుపెట్టాడు.

"నువ్వు. నువ్వు. ఆ మూల పొట్టిది. నువ్వు కూడా. పదండి."

"క్లాసు జరుగుతోంది," అంది టీచరు.

"జరగనివ్వండి. నేనేమన్నా ఆపమన్నానా? మిగిలినవాళ్ళకి చెప్పుకోండి."

ఆ మూల పొట్టిది అన్నది పిచ్చుకని. మా క్లాసులో అందరికంటే చిన్నగా ఉంటుంది కాబట్టి దాన్ని అందరూ పిచ్చుక అనే పిలిచేవాళ్ళు. దానికి ఆ రోజు ఒళ్ళు కాలిపోతోంది. అయినా బోర్డు మీద లెక్క దింపుకుంటోంది. సూపర్‌వైజరు దాని చేతిలోంచి పెన్సిలు లాక్కుని కిటికీలోంచి బయటికి విసిరేశాడు.

"ఆ చేతికి వేరే పనుంది," అన్నాడు.

మేం బయటికి నడిచాం. మాట్లాడాలని మాకు తోచనే లేదు. ఎండ కాస్తుంది, వాన కురుస్తుంది, సూపర్‌వైజరు వచ్చి తీసుకుపోతాడు. అంతే అనుకునేవాళ్ళం.

నా మాట వింటున్న మీలో పనికి పోయేవాళ్ళున్నారు, చదువుకునేవాళ్ళున్నారు. రెండూ ఒకే పూటలో చేసినవాళ్ళం మేం. అందుకే ఇది మీ రెండు రకాలవాళ్ళకీ చెబుతున్నాను.

మా కంపెనీ చుట్టూ ఎత్తయిన గోడ. గోడకి ఒకటే గేటు. లోపల రొయ్యలు వలిచే షెడ్డు, ఐసు ప్లాంటు, వరసలు వరసలుగా మా గదులు, ఒక బడి. బడి గోడ, ఐసు ప్లాంటు గోడ ఒకటే. ఎండాకాలంలో కూడా ఆ గోడకి చెమట పట్టినట్టు నీళ్ళు కారేవి. పుస్తకాలు ఉబ్బిపోయేవి. గోడ అవతల మోటార్లు ఎప్పుడూ ఒకటే హోరు. ఆ హోరులోనే మా అక్షరాభ్యాసం, ఆ హోరులోనే మా నిద్ర.

గది కంపెనీది. గదిలో ఉండాలంటే రెండు జతల చేతులు షెడ్డుకి ఇవ్వాలి. ఇది ఎక్కడా రాసి లేదు. రాయాల్సిన అవసరమూ లేదు. ఒక జత చేతులు జబ్బు పడితే, పురుటికి పోతే, చచ్చిపోతే, ఆ ఇంట్లో పిల్ల చేతులు వాటి బదులు పోవాలి. మా నాన్న ఐసు దిమ్మలు మోసేవాడు. ఒకరోజు దిమ్మ జారి నడుం మీద పడింది. అప్పటినుంచి మంచమే. కాబట్టి మా గదికి అమ్మవి ఒక జత, నావి ఒక జత. మగపిల్లలు కాస్త ఎదగ్గానే ఐసు ప్లాంటుకి పోయేవాళ్ళు. అలా పదో క్లాసులో మిగిలింది ఆడపిల్లలమే. పదో క్లాసు అని పేరేగానీ, ఆ బడి నుంచి పెద్ద పరీక్షకి వెళ్ళినవాళ్ళు అప్పటిదాకా ఒక్కరు లేరు. పరీక్ష హాలు గేటు బయట, ఊళ్ళో ఉంటుంది. పరీక్షలు సరిగ్గా లోడు మీద లోడు వచ్చే రోజుల్లో వస్తాయి.

ఆ మొదటి రోజు మేం బల్లల ముందు నిలబడి రొయ్యల తలలు తీస్తుంటే, టీచరు షెడ్డులోకి వచ్చింది. మామూలు చెప్పులతో వచ్చింది. ఐసు నీళ్ళు చీలమండల దాకా ఉన్నాయి. ఆవిడ మా చేతుల వంక చూసింది. మందు కలిపిన నీళ్ళలో నాని తెల్లగా, ముడతలు పడి, వేళ్ళ సందుల్లో పగిలిన చేతులు. అంతకుముందు కూడా ఎవరెవరో వచ్చి చూసి 'అయ్యో' అని పోయినవాళ్ళున్నారు. ఆ అయ్యో కోసమే చూశాం. ఆవిడ అనలేదు.

"లెక్క సగంలో ఆగిపోయింది," అంది. "మిగతా సగం చెబుతాను. వినడానికి చేతులక్కర్లేదుగా."

ఆ హోరులో గొంతు పెంచి, బల్లల మధ్య అటూ ఇటూ తిరుగుతూ చెప్పింది. ఆడవాళ్ళు ఒకరినొకరు చూసుకుని నవ్వారు. సూపర్‌వైజరు పరిగెత్తుకొచ్చాడు.

"ఏంటమ్మా ఇది? ఇదేమన్నా బడా?"

"బడిలోకి మీరొచ్చారు. షెడ్డులోకి నేనొచ్చాను. చెల్లుకు చెల్లు," అంది ఆవిడ. "అమ్మాయిలూ, జవాబు ఎంత?"

ఎవరో ఒకరు చెప్పేదాకా ఆవిడ కదల్లేదు. చివరికి మా క్లాసులో గొంతు అనే పిల్ల అరిచి చెప్పింది. దాని గొంతు మోటార్ల హోరుని దాటి వినిపిస్తుంది, అందుకే ఆ పేరు. చెప్పిన జవాబు మాత్రం తప్పు.

"అరవడం బాగుంది. లెక్క బాగాలేదు. రేపు మళ్ళీ చేసి తీసుకురా," అని వెళ్ళిపోయింది.

ఆవిడ మంచిది అని మేం ఆ రోజుల్లో అనుకోలేదు. రాక్షసి అనుకున్నాం. షెడ్డు నుంచి వచ్చి కళ్ళు మూతలు పడుతుంటే, "మొహం కడుక్కుని రా" అనేది. ఒకసారి నాకు పాసు మార్కులకి పైన ఒక్క మార్కు వచ్చింది. సంతోషంతో గంతులేశాను. ఆవిడ ఆ కాగితం నాకే తిరిగి ఇచ్చింది.

"ఇది నువ్వు రాసిందేనా?"

"నేనే టీచర్."

"కాదు. ఇది నీ అలసట రాసింది. నువ్వు రాసింది పట్టుకురా, దిద్దుతాను."

"టీచర్, పాసయ్యాను కదా?"

"ఈ గోడ లోపల పాసయ్యావు. నేను నిన్ను గోడ లోపలి బతుకు కోసం తయారుచెయ్యట్లేదు."

మా హెడ్మాస్టారు చెడ్డవాడు కాదు. భయస్తుడు. వరండాలో ఆవిడతో ఆయన అన్న మాటలు మేం కిటికీలోంచి విన్నాం.

"ఎందుకమ్మా ఇంత ప్రయాస? వీళ్ళకి సంతకం పెట్టడం వస్తే చాలు. ఎంత చెట్టుకి అంత గాలి."

"గాలి సంగతి తర్వాత మాస్టారూ. చెట్టు చుట్టూ గోడ కట్టిందెవరు?"

"పోనీ, బాగా చదివే ఇద్దరు ముగ్గుర్ని పంపుదాం పరీక్షకి. కంపెనీ కూడా కాదనకపోవచ్చు. పేపర్లో ఫొటో వేసుకుంటారు."

"అందరూ రాస్తారు. ఇద్దరు ముగ్గురు ఫొటోకి పనికొస్తారు. అందరూ పోతేనే గేటు తెరవాల్సి వస్తుంది."

పిచ్చుకకి భిన్నాలు ఎంత చెప్పినా ఎక్కేవి కావు. "నాకు రాదు టీచర్," అంది ఒకరోజు ఏడుస్తూ.

"రాదని ఎవరన్నారు?"

"మా అమ్మ."

"అయితే మీ అమ్మతో మాట్లాడాలి," అని ఆ సాయంత్రమే కుళాయి దగ్గరికి వచ్చింది.

కుళాయి దగ్గర మా ఆడవాళ్ళందరూ ఉన్నారు. పిచ్చుక వాళ్ళమ్మ నోరు పెట్టిందంటే కుళాయి కూడా ఆగిపోతుందని మా గదుల లైన్లో సామెత. బిందె పక్కన పెట్టి ఆవిడ టీచరు మీద పడింది.

"టీచరమ్మా, మీరు చెప్పి పోతారు. ఆశ పెట్టడం ఎంతసేపు? అది తీరకపోతే ఏడ్చేది మేము. దీన్ని రాదు అనుకోనివ్వండి. రాదనుకున్నది హాయిగా ఉంటుంది. వస్తుందనుకున్నదే నలుగుతుంది."

"పరీక్షల రోజుల్లో గదికి చేతులెవరిస్తారు?" అంది ఇంకొకామె. "మీరు వలుస్తారా?"

"వలుస్తాను. నేర్పండి."

అందరూ గొల్లున నవ్వారు. కానీ బడి సెలవురోజున ఆవిడ నిజంగానే షెడ్డుకి వచ్చింది. చీర కుచ్చెళ్ళు ఎగదోపుకుని అమ్మ పక్కన నిలబడింది. తల తీయబోతే రొయ్య ముల్లు వేల్లో దిగింది. పొట్టు లాగబోతే సగం మాంసం పొట్టుతో పోయింది. ఐసు పెద్దమ్మ పారతో ఐసు వెయ్యడం ఆపి మరీ చూసింది. ఆ షెడ్డులో అందరికంటే పెద్దది ఆవిడే. గేటు బయటికి వెళ్ళి ఎన్నేళ్ళయిందో ఆవిడకే గుర్తులేదు.

"నీ చేతిలో పడ్డ రొయ్యకి రెండు చావులు తల్లీ," అంది పెద్దమ్మ. షెడ్డంతా నవ్వులు.

అమ్మ మళ్ళీ చూపించింది. టీచరు మళ్ళీ పాడుచేసింది. పిచ్చుక వాళ్ళమ్మ విసుక్కుని, ఆవిడ వేళ్ళు పట్టుకుని, ఎక్కడ నొక్కాలో, ఎటు లాగాలో చెప్పింది. మధ్యాహ్నానికి ఒక రొయ్య శుభ్రంగా వచ్చింది. టీచరు దాన్ని పైకెత్తి అందరికీ చూపించింది.

"నాకు రాదని ఒక్కరూ అనలేదేం? పొద్దుట్నుంచి చూపిస్తూనే ఉన్నారు," అంది పిచ్చుక వాళ్ళమ్మతో. "మీ పిల్ల విషయంలో నేనడిగేదీ అంతే. వచ్చేదాకా చూపించనివ్వండి."

ఆవిడ బుట్టలోంచి ఇంకో గుప్పెడు రొయ్యలు తీసి టీచరు ముందు పోసింది.

పిచ్చుకకి భిన్నాలు వచ్చాయి. ఎప్పుడు, ఎలా వచ్చాయో నాకు తెలియదు. ఒకరోజు బోర్డు దగ్గరికి వెళ్ళి చేసేసి, చేసింది తనేనా అన్నట్టు వెనక్కి తిరిగి మా అందరి మొహాలూ చూసింది.

పరీక్ష దరఖాస్తులు క్లాసందరివీ వెళ్ళాయి. సంగతి మేనేజరు చెవిన పడింది. ఒక సాయంత్రం అందర్నీ షెడ్డు ముందు జమచేశారు. మేనేజరు కుర్చీలో కూర్చుని మెత్తగా మాట్లాడాడు. ఆయన ఎప్పుడూ మెత్తగానే మాట్లాడతాడు.

"పిల్లలు చదువుకోవద్దని నేనంటానా? బడి కట్టించింది ఎవరు? మనం ఒక కుటుంబం. కుటుంబానికి పని ఉన్న రోజుల్లో పిల్లలు ఊరేగుతామంటే ఎలా? ఆ రోజుల్లో ఏ గది చేతులు బల్ల దగ్గర లేకపోతే, ఆ గది వేరేవాళ్ళకి అవసరమవుతుంది. నాకేం కోపం లేదు. చెబుతున్నానంతే."

ఆయన వెళ్ళాక కూడా ఎవరూ కదల్లేదు. నాన్న మంచం గుర్తొచ్చింది నాకు. ఆ మంచం ఎత్తుకుని ఎక్కడికి పోతాం? బయట మాకెవరున్నారు? అమ్మ నా వంక చూడలేదు. దానికే నాకు ఎక్కువ భయం వేసింది.

మర్నాడు టీచర్ని పనిలోంచి తీసేశారు. గేటు లోపలికి రానివ్వొద్దని కావలివాడికి చెప్పారు. ఆవిడ ఊళ్ళోనే ఒక గది తీసుకుని, రోజూ సాయంత్రం గేటు బయటికి వచ్చి నిలబడేది. మేం లోపల. మధ్యలో ఇనప కమ్మీలు. కమ్మీల్లోంచే లెక్కలు చెప్పేది, కమ్మీల్లోంచే కాగితాలు దిద్ది ఇచ్చేది. కొన్నాళ్ళకి కమ్మీలకి అవతలి వైపు నుంచి రేకు కొట్టారు. ఇక మనిషి కనిపించదు. రేకు మీద చెయ్యి పెడితే అవతల ఎండ వేడి తెలిసేది. ఆవిడ గొంతు మాత్రం వినిపించేది.

"ఉన్నారా?"

"ఉన్నాం టీచర్."

"అయితే రాసుకోండి."

మొదటి పరీక్ష రోజు తెల్లవారగానే సైరన్ మోగింది. గేటుకి తాళం పడింది. మేమందరం బల్లల దగ్గర ఉన్నాం. హెడ్మాస్టారు చాటుగా పంపిన మా హాల్ టికెట్లు గేటు బయట టీచరు చేతిలో ఉన్నాయి. సూపర్‌వైజరు ఈల నోట్లో పెట్టుకుని మా వెనకాలే తిరుగుతున్నాడు. అమ్మలు తలలెత్తడం లేదు. చేతులు మాత్రం ఆడుతున్నాయి. తల తియ్యి, పొట్టు లాగు, పడెయ్యి. తల తియ్యి, పొట్టు లాగు, పడెయ్యి.

అప్పుడు గేటు అవతల నుంచి టీచరు గొంతు వినిపించింది. ఆవిడ హాజరు పిలుస్తోంది.

పేరు పేరునా పిలుస్తోంది. పిలిచి, ఆగుతోంది. జవాబు రాకపోతే మళ్ళీ అదే పేరు పిలిచి, తర్వాతి పేరుకి వెళుతోంది. నా పేరు వచ్చింది. నా చేతిలో రొయ్య నలిగిపోయింది. పక్కన అమ్మ శ్వాస వినిపిస్తోంది నాకు. పిచ్చుక పేరు. నిశ్శబ్దం. మళ్ళీ పిచ్చుక పేరు. నిశ్శబ్దం. పిచ్చుక వాళ్ళమ్మ పెదాలు కొరుక్కుంటోంది.

గొంతు పేరు వచ్చింది.

"ప్రెజెంట్ టీచర్!" అని అరిచింది గొంతు. షెడ్డు రేకులు అదిరాయి.

సూపర్‌వైజరు దాన్ని చెంప మీద కొట్టాడు. అది వెళ్ళి ఐసు గుట్ట మీద పడింది. పడి, అక్కడినుంచే మళ్ళీ అరిచింది. "ప్రెజెంట్ టీచర్!"

వాడు ఇంకోసారి చెయ్యెత్తాడు. ఐసు పెద్దమ్మ పార నేలకేసి కొట్టింది. ఆ చప్పుడుకి వాడు వెనక్కి తిరిగాడు.

"ఏమైందే ముసలీ?"

"చెయ్యి నొప్పి," అంది పెద్దమ్మ.

"ఏంటీ?"

"చెయ్యి నొప్పిగా ఉంది నాయనా. పని చెయ్యట్లేదు."

అమ్మ చేతిలో రొయ్య బల్ల మీద పెట్టింది. పమిటకి చేతులు తుడుచుకుంది. "నాక్కూడా నొప్పే," అంది.

"నాక్కూడా."

"నాకూ."

బల్ల చివరి దాకా పాకిపోయింది ఆ మాట. సూపర్‌వైజరు ఈల ఊదాడు. ఊదుతూనే ఉన్నాడు.

"గదికి రెండు జతల చేతులన్నారు," అంది అమ్మ. "ఇవిగో ఉన్నాయి. ఎక్కడికీ పోలేదు. నొప్పిగా ఉన్నాయి, అంతే."

అందరం గేటు దగ్గరికి నడిచాం. తాళం తియ్యమన్నాం. తియ్యలేదు. రేకు మీద కొట్టాం. అవతల నుంచి టీచరు కూడా కొట్టింది. పరీక్ష మొదలయ్యే వేళ దాటిపోయింది. అయిపోయే వేళ కూడా దాటిపోయింది. ఏడాదంతా చదివినది రేకుకి ఇవతల నిలబడి పోగొట్టుకున్నాం.

అప్పుడు మాలో మాకు పడింది తగాదా.

"పరీక్ష ఎలాగూ పోయింది," అంది పిచ్చుక వాళ్ళమ్మ. "ఇప్పుడు గది కూడా పోగొట్టుకుందామా? పదండి లోపలికి. కాళ్ళు పట్టుకుంటే వదిలేస్తారు."

"ఒక్క పేపరే పోయింది. అది తర్వాత మళ్ళీ రాసుకోవచ్చట. ఎల్లుండి లెక్కలది ఉంది," అన్నాన్నేను.

"ఎల్లుండి మాత్రం తాళం ఉండదా? నువ్వు నోరు మూసుకో. మీ నాన్న మంచం మీద ఉన్నాడన్న జ్ఞానం ఉందా నీకు?"

ఆ మాట ఆవిడ నోట్లో ఉండగానే మా లైను వైపు నుంచి కేకలు వినిపించాయి. కంపెనీ మనుషులు మా గది ఖాళీ చేస్తున్నారు. అందరికీ బుద్ధి చెప్పాలంటే ఒక గది చాలనుకున్నారు, మాది ఎంచుకున్నారు. మేం వెళ్ళేసరికి గిన్నెలు బయట దొర్లుతున్నాయి. నాన్న మంచంతో సహా ఎండలో ఉన్నాడు. చెయ్యి అడ్డం పెట్టుకుని మా వంక చూస్తున్నాడు.

పిచ్చుక వాళ్ళమ్మ ఆ మంచాన్ని చూసింది, మా గిన్నెల్ని చూసింది. వంగి ఒక గిన్నె తీసి మట్టి దులిపింది.

"కాళ్ళు పట్టుకుందామన్నాను కదూ," అంది. "కాళ్ళు కదపలేనివాణ్ణే ఎండలో పడేశారు. ఇంక ఎవరి కాళ్ళు పట్టుకుంటాం? పట్టండి మంచం."

నలుగురు మంచం నాలుగు కోళ్ళూ పట్టారు. ఎక్కడ పెట్టాలని అమ్మ అడిగింది. నాన్నే చెప్పాడు. "షెడ్డు తలుపుకి అడ్డంగా వెయ్యండి. నన్ను దాటి ఎవడు లోపలికి పోతాడో చూస్తాను. ఇన్నాళ్ళకి నాకూ ఒక డ్యూటీ పడింది."

ఆ తలుపు ముందే కూర్చున్నాం అందరం. కంపెనీ కుళాయిలు కట్టేసింది. గోడకి అటువైపు వాళ్ళు పిలిపించిన పోలీసులు, ఇటువైపు దాహం. పసిపిల్లలు ఏడుస్తుంటే ఐసు ప్లాంటులోని మగవాళ్ళు దొంగతనంగా ఐసు ముక్కలు విసిరారు. సాయంత్రానికి వాళ్ళు కూడా బయటికి వచ్చి మా పక్కన కూర్చున్నారు. మోటార్లు ఆగిపోయాయి. పుట్టి బుద్ధెరిగాక ఆ హోరు ఆగడం మేం మొదటిసారి విన్నాం. చెవులు చిల్లులు పడ్డట్టయింది. మా మాటలు మాకే గట్టిగా వినిపించి, గొంతులు తగ్గించుకున్నాం.

షెడ్డులో ఐసు కరిగింది. రొయ్యలు కుళ్ళడం మొదలైంది. ఆ కంపు మా లైన్లని, గోడని, మేనేజరు బంగళాని ముంచేసింది. మాకు ఆ వాసన అలవాటే. ఆయనకి కాదు. మూతికి రుమాలు కట్టుకుని వచ్చాడు. ఈసారి మెత్తగా మాట్లాడటం మర్చిపోయాడు.

"ఏం కావాలే మీకు?"

"లెక్కల పరీక్షకి గేటు తియ్యాలి," అంది పిచ్చుక వాళ్ళమ్మ. "దీన్ని గదిలో పెట్టాలి," అని నాన్న మంచం చూపించింది.

"తీస్తే పనిలోకి వస్తారా?"

"పిల్లలు రాసి లోపలికి వచ్చాక చెబుతాం."

కొత్త లోడు లారీలు గేటు బయట నీళ్ళు కారుస్తూ నిలబడి ఉన్నాయి. వాటి వంక, మా వంక చూసి వెళ్ళిపోయాడు ఆయన.

లెక్కల పరీక్ష పొద్దున తాళం తీశారు. రేకు తలుపు కిర్రుమంటూ పక్కకి జరిగింది. అవతల టీచరు నిలబడి ఉంది. రెండు రోజులుగా అక్కడే ఉన్నట్టుంది, చీర నలిగిపోయి ఉంది. మమ్మల్ని చూసి కళ్ళనీళ్ళు పెట్టుకుంటుందనుకున్నాం.

"పెన్నులు తెచ్చారా?" అంది.

ఊళ్ళోంచి నడిపించుకుపోయింది. ఆ రోడ్డు, ఆ దుకాణాలు మాలో సగం మంది చూడటం అదే మొదలు. చూడనివ్వలేదు. దారంతా సూత్రాలు అడుగుతూనే ఉంది. పరీక్ష హాలు మెట్ల దగ్గర ఒక్కొక్కరి చేతిలో హాల్ టికెట్ పెట్టింది. చివరి టికెట్ పిచ్చుక చేతిలో పెడుతుండగా జీపు వచ్చి ఆగింది.

కంపెనీ ఫిర్యాదు ముందే ఇచ్చిందట. టీచరు పనివాళ్ళని రెచ్చగొట్టింది, సరుకు కుళ్ళబెట్టించింది, మైనర్లని గోడ దాటించింది అని. పోలీసులు ఆవిడ రెండు చేతులూ పట్టుకున్నారు. గొంతు జీపుకి అడ్డం పరిగెత్తింది. మేమందరం వెనకాలే పరిగెత్తాం.

"వెనక్కి పొండి!" అని అరిచింది టీచరు. అంత కోపం ఆవిడ గొంతులో ఎప్పుడూ వినలేదు. "గంట కొట్టేశారు, వినపళ్ళేదా? లోపలికి పొండి!"

"మిమ్మల్ని తీసుకుపోతున్నారు టీచర్!"

"నన్ను తీసుకుపోతే నేను పోతాను. మీరెందుకు పోగొట్టుకుంటారు? నిన్నటిదాకా వాళ్ళు ఆపారు మిమ్మల్ని. ఇవాళ మీరే ఆగుతారా? పొండి!"

జీపు కదిలింది. మేం మెట్ల మీద. హాల్లోకి పోతే ఆవిడ పోతుంది. జీపు వెనక పోతే ఆవిడ చెప్పిందంతా పోతుంది. గేటు లోపల ఉన్నప్పుడు కూడా అంత ఇరుకు నాకెప్పుడూ అనిపించలేదు. పిచ్చుక ముక్కు తుడుచుకుని ముందుగా లోపలికి నడిచింది. దాని వెనక మేమందరం.

ఏం రాశానో చెప్పలేను. పగిలిన వేళ్ళ నుంచి రక్తం కారి కాగితానికి అంటింది. కళ్ళనీళ్ళతో అంకెలు అలుక్కుపోయాయి. తుడిచి మళ్ళీ రాశాను. ఆఖరి గంట కొట్టేదాకా మాలో ఒక్కరం కూడా లేవలేదు.

బయటికి వచ్చి, గేటు వైపు తిరగలేదు. ప్రశ్నపత్రాలు చేతుల్లో పట్టుకుని పోలీస్ స్టేషన్ దారి అడుగుతూ నడిచాం. మేం వెళ్ళేసరికి ఐసు పెద్దమ్మ, అమ్మ, లైన్లలోవాళ్ళందరూ అక్కడికి వస్తున్నారు. కబురు మాకంటే ముందే చేరింది. పనిలోకి పోలేదు వాళ్ళు. పెద్దమ్మ కళ్ళకి చెయ్యి అడ్డం పెట్టుకుని వీధిని వింతగా చూస్తోంది.

స్టేషన్ పక్క గోడకి పైన ఒక ఊచల కిటికీ. గొంతు దాని కింద నిలబడి అరిచింది. "టీచర్!"

ఊచల వెనక ఆవిడ మొహం కనిపించింది. పెదవి పగిలి ఉంది.

"రాశారా?"

"రాశాం!"

"అందరూనా?"

"అందరం టీచర్!"

"ఆరో లెక్కకి జవాబు ఎంత?"

పిచ్చుక ముందుకి వచ్చి, లెక్క చదివి తన జవాబు చెప్పింది.

"తప్పు," అంది టీచరు. "ఎక్కడో హారం పోగొట్టావు. మళ్ళీ చెయ్యి."

పిచ్చుక స్టేషన్ మెట్టు మీద కూర్చుంది. ప్రశ్నపత్రం వెనక వైపు తిప్పి మోకాలి మీద పెట్టుకుని మొదలుపెట్టింది. కానిస్టేబులు లాఠీ పట్టుకుని వచ్చాడు. వెనకాలే ఎస్సై వచ్చాడు.

"ఏంటీ గోల? కదలండి ఇక్కణ్ణించి."

"లెక్క తేలాక కదుల్తాం సార్," అంది పిచ్చుక వాళ్ళమ్మ.

"ఏం లెక్క?"

"ముందు దీనిది. తర్వాత మాది."

అని కూతురి పక్కన మెట్టు మీద కూర్చుంది. ఆవిడ పక్కన అమ్మ. అమ్మ పక్కన ఐసు పెద్దమ్మ. మెట్లు చాల్లేదు. మిగిలినవాళ్ళం రోడ్డు మీద కూర్చున్నాం.